దూరం ఎక్కువ, గంటలు తక్కువ

తిరుపతి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గరి దారి సుమారు 13,900 కిలోమీటర్లు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది సైబీరియా మీదుగా ఆర్కిటిక్ వలయం దాటి, అలాస్కా వైపు దిగుతుంది. గోడమీది మ్యాప్‌లో వంకర టింకరగా కనిపించినా, గుండ్రటి భూమి మీద అదే తిన్నని దారి.

పిల్లల దగ్గరికి బయలుదేరే అమ్మానాన్నలు ఈ దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే పదిహేనున్నర గంటలొస్తుంది. మధ్యలో విమానం మారే సమయం పక్కన పెట్టినా, ఆ లెక్కలో గాలి లేదు.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పడమటి వైపు పోయే అట్లాంటిక్ దారి మాన్పించి, తూర్పు వైపుగా పసిఫిక్ మీదుగా పంపింది. పాత దారి దాదాపు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా విమానం సుమారు 14న్నర గంటల్లో, అంటే ముందుకన్నా దాదాపు రెండు గంటలు తక్కువలో చేరింది!

కారణం జెట్ స్ట్రీమ్, అంటే పై ఎత్తుల్లో నదిలా పరుగెత్తే గాలి ప్రవాహం. భూమధ్యరేఖ వైపు గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ధ్రువాల వైపు చల్లబడి కుదించుకుపోతుంది. దాంతో పై ఎత్తుల్లో పీడనం తేడా వచ్చి గాలి ఉత్తరానికి కదలబోతుంది. భూమి తిరగడం వల్ల అది కుడికి మళ్లి, పడమర నుంచి తూర్పుకు పరుగెత్తుతుంది. విమానాలు ఎగిరే పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులోనే దీని జోరు. వెనకగాలి గంటకు 150 కిలోమీటర్లుంటే 900 వేగం 1,050 అవుతుంది. అదే ఎదురుగాలైతే 750. అంటే 4,200 కిలోమీటర్ల దూరానికి ఒకవైపు నాలుగు గంటలు, తిరిగొచ్చేటప్పుడు ఐదు గంటల ముప్పై ఆరు నిమిషాలు. ఈ గాలిని జపాన్‌లో వసాబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త 1920లలోనే బెలూన్లతో కొలిచాడు. 1926లో ఆ ఫలితాలను కొద్దిమందికే తెలిసిన కృత్రిమ భాష ఎస్పెరాంటోలో అచ్చువేయడంతో ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. అంత మంచి పని అలా మరుగున పడిపోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

వానాకాలంలో మన నెత్తిన కథ తిరగబడుతుంది. టిబెట్ పీఠభూమి, ఉత్తర భారతం మీది గాలి భూమధ్యరేఖ దగ్గరికన్నా వేడెక్కుతుంది కాబట్టి పై గాలి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దీన్ని వివరిస్తూ వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం 1958లో వ్యాసం రాశారు. ఆ ప్రవాహం సుమారు 14, 15 కిలోమీటర్ల ఎత్తులో, దాదాపు చెన్నై, తిరుపతి అక్షాంశాల మీదుగా సాగుతుంది. దాని కింద, విమానాల ఎత్తులోనూ తూర్పుగాలి బలంగానే ఉంటుంది. ఆ నెలల్లో మన వైపు నుంచి కువైట్ వెళ్లేవాళ్లకు ప్రయాణం మొదటి భాగంలో గాలి వెనకనుంచి తోస్తుంది.

దీన్ని కొలిచే చోటు తిరుపతి–చిత్తూరు దారిలోనే ఉంది. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1,024 యాంటెనాలు వరసలు తీరి రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతాయి. గాలి సుడుల్లోని చిన్నచిన్న తేడాలను తాకి అవి వెనక్కి వస్తాయి. వచ్చిన తరంగంలో పౌనఃపున్యం ఎంత మారిందో చూసి గాలి ఎటు, ఎంత వేగంగా పోతోందో ఎత్తుల వారీగా లెక్కగడతారు. రాత్రయినా, మబ్బు పట్టినా ఆ పని ఆగదు.