రెండు పాస్, ఒక ఫెయిల్: ఉగాది మెయిల్ స్పామ్‌లో ఎందుకు పడింది?

ఉగాదికి పది రోజుల ముందు బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. వాళ్లది గుంటూరు. బెంగళూరులో ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కారప్పొడులు చేసి అమ్ముతుంది. "ఆరు వేల మందికి ఆఫర్ మెయిల్ పెట్టా. ఒక్క ఆర్డరూ రాలేదు. మా చెల్లెల్ని చూడమంటే స్పామ్‌లో ఉందంది. నేనేం తప్పు చేశాను?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

వెళ్లి చెల్లెలి మెయిల్‌బాక్సులో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కాను. పంపినవాళ్లు ఎవరో తేల్చే మూడు పరీక్షల ఫలితాలు పైనే మూడు వరుసల్లో కనిపించాయి. ఎస్‌పీఎఫ్ పాస్. డీకిమ్ పాస్. డీమార్క్ ఫెయిల్.

రెండు పాసై ఒకటి ఎందుకు తప్పింది? అది తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1978 మే నెలలో గ్యారీ థ్యూర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి, తమ డీఈసీ కంపెనీ కొత్త కంప్యూటర్ల గురించి ఇంటర్నెట్‌కు ముందున్న నెట్‌వర్క్ అర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. చాలామంది మండిపడ్డారు. ఈమెయిల్ చరిత్రలో మొదటి స్పామ్‌గా దాన్నే చెప్పుకుంటారు. అంత జరిగినా, 1982లో మెయిల్ పంపే పద్ధతికి ఎస్‌ఎమ్‌టీపీ అనే నియమాలు రాసినప్పుడు పంపేవాడు ఎవరో రుజువు అడిగే ఏర్పాటు అందులో పెట్టలేదు. ఉత్తరం కవరు మీద ఫ్రమ్ అడ్రస్ ఎవరిది రాసినా పోస్ట్‌మ్యాన్ అడగడు కదా, ఇదీ అంతే. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నది పరిశోధకులు, విశ్వవిద్యాలయాల వాళ్లే కాబట్టి అది లోపంగా అనిపించలేదు.

ఇంటర్నెట్ జనంలోకి వచ్చాక ఆ తలుపు లోంచే వరద వచ్చింది. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు స్పామ్ పంపే సర్వర్ల ఐపీ అడ్రసుల (నెట్‌లో వాటి నంబర్ల) బ్లాక్‌లిస్టులు పెట్టాయి. దాంతో ఒకే సర్వర్‌ను పంచుకున్న మంచివాళ్లకూ శిక్ష పడేది. తర్వాత మాటల్ని బట్టి తూకం వేసే ఫిల్టర్లు వచ్చాయి. 'ఫ్రీ' అని రాస్తే మెయిల్ స్పామ్‌కి పోతుందనే భయం ఆ రోజులదే. ఇప్పుడు ఆ ఒక్క మాటకు అంత బలం లేదు, పంపేవారి చరిత్రే ఎక్కువ లెక్క.

అమెరికా 2003లోనే స్పామ్ మీద చట్టం చేసింది. మన దగ్గర టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు కాల్స్‌కీ ఎస్ఎంఎస్‌లకే. ఈమెయిల్ స్పామ్ కోసమని ప్రత్యేక చట్టం లేదు. అందుకే మన చిన్న వ్యాపారులకు మెయిల్ కంపెనీలు పెట్టిన రూలే చట్టం అవుతోంది. అది వాళ్లకు అర్థమయ్యే భాషలో ఎవరూ చెప్పకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక ఆ మూడు వరుసల సంగతి. 2006లో ప్రచురించిన ఎస్‌పీఎఫ్, ఒక డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే జాబితా. కానీ అది చూసేది సర్వర్లు తమలో తాము చెప్పుకునే, కవరు మీది పేరునే, మనకు కనిపించే ఫ్రమ్ పేరును కాదు. 2007 నాటి డీకిమ్ లక్క ముద్ర లాంటిది. దారిలో ఉత్తరం మార్చలేదని చెబుతుంది, కానీ ముద్ర ఎవరిదైనా కావచ్చు. 2012లో వచ్చిన డీమార్క్ అసలు ప్రశ్న వేసింది: పాసైన ఆ పేరు, చదివేవాడికి కనిపించే ఫ్రమ్ పేరు ఒకటేనా?

అక్క ఫ్రమ్‌లో తన జీమెయిల్ అడ్రసే పెట్టింది. పంపింది మాత్రం ఒక బల్క్ మెయిల్ సర్వీసు నుంచి. కవరూ, ముద్రా ఆ సర్వీసువి, కాబట్టి రెండూ పాస్. కనిపించే పేరు జీమెయిల్‌ది, కాబట్టి మూడోది ఫెయిల్. అడ్రస్ ఆమెదే అయినా, మోసగాడు వేసుకునే వేషం కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ ఇలా తన పేరుతో బయటి నుంచి వచ్చే మెయిళ్లను తిప్పికొట్టమని ప్రకటించినప్పుడే ఎందరో ఇబ్బంది పడ్డారు. 2024 ఫిబ్రవరి నుంచి అమలైన నిబంధనల్లో గూగుల్ కూడా దీని గురించి హెచ్చరించింది. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు మూడు రుజువులూ తప్పనిసరి చేసింది. ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలంది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదంది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు 'స్పామ్' నొక్కితే చాలు, గీత దగ్గరికి వచ్చేసినట్టే.

అప్పుడు అడిగాను, "అక్కా, ఆరు వేల మంది ఎక్కడివాళ్లు?" కాసేపు మాట్లాడలేదు. పదిహేను వందల మంది తన కస్టమర్లు. మిగతావి బెంగళూరు ఐటీ ఉద్యోగుల అడ్రసులంటూ ఎవరో అమ్మితే కొన్నవి. అలాంటి లిస్టుల్లో ఎప్పుడో మూతపడ్డ అడ్రసులుంటాయి, స్పామర్లను పట్టుకోవడానికే పెట్టిన వల అడ్రసులూ ఉంటాయి. డీమార్క్ తప్పు ఆమెకు తెలియక జరిగింది. లిస్టు కొనడం మాత్రం తప్పేనని ఆమె ముఖం మీదే చెప్పాను. అడగకుండా ఎవరింట్లోకో వెళ్లి పచ్చడి జాడీ పెట్టి రాము కదా.

కొన్న లిస్టు ఆ సాయంత్రమే తీసేసింది. సొంత డొమైన్ కొని, డొమైన్ల వివరాలు ఉండే డీఎన్ఎస్‌లో ఆ మూడింటి రికార్డులూ చేర్చాం. కొత్త డొమైన్‌కు ఇంకా మంచిపేరు ఉండదు, ఒక్కసారే అందరికీ పంపితే మళ్లీ అనుమానమే. "ఉగాది పోతే పోయింది, కొత్తావకాయ ఉందిగా" అంది అక్క. మామిడికాయలు వచ్చాక, ఈమధ్య ఆర్డరిచ్చిన యాభై మందితో మొదలుపెట్టింది. మొదటి జవాబు గంటలోపే వచ్చింది: "వెల్లుల్లి లేకుండా రెండు కిలోలు చేస్తారా?"