ఉంగరం, దండం, మధ్యలో ఆన్‌సెల్మ్

చైనాలో బిషప్‌ల నియామకంపై వాటికన్‌కూ బీజింగ్‌కూ 2018లో కుదిరిన ఒప్పందాన్ని 2024లో మరో నాలుగేళ్లు పొడిగించారు. అందులో ఏం రాసుకున్నారో మాత్రం బయటపెట్టలేదు. బిషప్‌ను ఎవరు పెట్టాలన్న ఈ పేచీ చాలా పాతది. 900 ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఈ గొడవల్లోనే ఓ ముసలి సన్యాసి రెండుసార్లు దేశం విడిచి పోవాల్సి వచ్చింది. ఆయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్‌సెల్మ్. ఇంగ్లండ్ చర్చిలో అన్నిటికన్నా పెద్ద పదవి అది.

పైకి మతం మాటలే గానీ తగవంతా భూమి దగ్గర ఉంది. అప్పట్లో బిషప్ అంటే రాజిచ్చిన భూములు ఏలుకునే దొర కూడా. యుద్ధమొస్తే రాజుకు గుర్రపు సైనికుల్ని పంపాలి. ఆయన చనిపోతే, కొత్తవాడు వచ్చేదాకా ఆ భూముల రాబడి రాజుదే. 1089లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ పోయాక ఇంగ్లండ్ రాజు రెండో విలియం ఆ పీఠాన్ని నాలుగేళ్లు ఖాళీగా ఉంచాడంటే ఎందుకో వేరే చెప్పాలా!

1093 మార్చిలో గ్లోస్టర్‌లో రాజు మంచాన పడ్డాడు. చావు భయం పట్టుకుంది. ఏదో పనిమీద ఫ్రాన్స్ వైపు నార్మండీ నుంచి వచ్చి ఉన్న బెక్ మఠాధిపతి ఆన్‌సెల్మ్‌ను ఆర్చిబిషప్‌ను చేద్దామని మంచం దగ్గరికి లాక్కొచ్చారు. ఆయన వద్దు మొర్రో అని పిడికిలి బిగించేశాడు. బిషప్‌లు వేళ్లు విప్పబోతే చూపుడు వేలు కాస్త లేచింది, అంతలోనే ముడుచుకుంది. చివరికి మూసిన పిడికిటికే దండాన్ని, అంటే బిషప్ పదవికి గుర్తుగా ఇచ్చే చేతికర్రను, ఆనించి, పైన తమ చేతులతో పట్టుకుని ‘అయింది’ అనిపించారు. ముసలి గొర్రెను పొగరుబోతు ఎద్దుతో కలిపి ఒకే కాడికి కడుతున్నారని ఆన్‌సెల్మ్ వాపోయాడట. ఇదంతా రాసిపెట్టింది ఆయన శిష్యుడు ఈడ్మర్, కాబట్టి కాస్త గురువు వైపే మొగ్గు ఉంటుంది.

ఇక్కడొకటి గమనించాలి. ఆ రోజు ఆయన పదవి వద్దన్నాడే గానీ, రాజు చేత్తో దండం ఇవ్వడమే తప్పని అనలేదు.

రాజు కోలుకున్నాడు, పాత బుద్ధీ తిరిగొచ్చింది. నార్మండీ దండయాత్రకు ఆన్‌సెల్మ్ 500 పౌండ్లు ఇస్తానంటే చాలదని తోసేశాడు. ఆయన ఆ డబ్బు పేదలకు పంచేశాడు. 1095లో రాకింగ్‌హామ్ సభలో, పోపును నేనంటే నేనని పోటీపడుతున్న ఇద్దరిలో అర్బన్‌నే గుర్తిస్తానని ఆర్చిబిషప్ పట్టుబడితే తోటి బిషప్‌లు చాలామంది రాజు పక్షం చేరారు. 1097లో, వేల్స్ యుద్ధానికి పంపిన సైనికులు పనికిమాలినవాళ్లని రాజు కొత్త తగాదా పెట్టాడు. రోమ్ వెళ్లి పోపుతో మాట్లాడతానని ఆన్‌సెల్మ్ బయల్దేరితే, డోవర్ రేవులో రాజు మనిషి విలియం వేర్‌వాస్ట్ ఆయన సంచులు, పెట్టెలు విప్పించి డబ్బు కోసం వెతికాడు. ఏమీ దొరకలేదు.

1099లో రోమ్ సభలో విన్నదే ఆయన్ను మార్చింది. బిషప్ ఉంగరం, దండం రాజుల చేతి నుంచి తీసుకోకూడదు, రాజు ముందు మోకరిల్లి ‘నీ మనిషిని’ అని ప్రమాణం చేయకూడదు అని అక్కడ తీర్మానించారు. మరుసటేడు రాజు విలియం వేటలో బాణం తగిలి చనిపోయాడు. తమ్ముడు మొదటి హెన్రీ ఎంతో మర్యాదగా వెనక్కి పిలిపించి, ఆ ప్రమాణమే చేయమన్నాడు. ఆన్‌సెల్మ్ ససేమిరా అన్నాడు. తన సొంత అభిప్రాయమని కాదు, పోపు ముందు చెవులారా విన్న మాట కాదనలేనని. 1103లో మళ్లీ ప్రవాసం. మూడేళ్లకు గానీ తిరిగి రాలేదు.

1107 ఆగస్టులో లండన్‌లో రాజీ కుదిరింది. ఉంగరం, దండం ఇచ్చే హక్కు హెన్రీ వదులుకున్నాడు. భూముల కోసం బిషప్‌లు ఆయన ముందు మోకరిల్లడం మాత్రం కొనసాగింది. నన్నడిగితే, రాజు పోగొట్టుకున్నది తక్కువే. ఎవరు బిషప్ కావాలో ఆ తర్వాతా ఎక్కువగా ఆయన మాటే చెల్లింది.

ఆ నెలలోనే ఆన్‌సెల్మ్ కొందరు కొత్త బిషప్‌లకు అభిషేకం చేశాడు. వాళ్లలో ఎక్సెటర్ బిషప్‌గా వచ్చినవాడు, డోవర్ రేవులో ఆయన పెట్టెలు వెతికిన విలియం వేర్‌వాస్టే.