టేకు తలుపుకి ఏ పాలిష్?

చిత్రిక పట్టిన టేకు చెక్కని తడిగుడ్డతో తుడిస్తే అప్పటిదాకా పాలిపోయి ఉన్న చారలు ఒక్కసారిగా ముదురుగా తేలతాయి. తడి ఆరగానే మళ్లీ వెలవెలబోతాయి. చెక్క నిండా సన్నటి గొట్టాలే. వాటిలో గాలి ఉన్నంతసేపూ వెలుగు పైపైనే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. నీరో నూనో చేరితే చెదరడం తగ్గి, లోపలిదాకా వెళ్లి చెక్క రంగు పట్టుకొస్తుంది. పాలిష్ చేసేదీ ఇదే, కాకపోతే అక్కడే గట్టిపడి ఉండిపోతుంది.

ఎలా గట్టిపడుతుందో చూసుకుని ఎంచుకోవాలి. స్పిరిట్ పాలిష్‌లో ఉండేది లక్క. కుసుమ, మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగులు స్రవించేది. స్పిరిట్ ఎగిరిపోతే లక్క మిగులుతుంది, అంతే. రసాయనికంగా పెద్దగా మారదు కాబట్టి మళ్లీ స్పిరిట్ పడితే కరుగుతుంది, వేడి గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. కానీ గీత పడ్డచోట మళ్లీ రుద్దితే కొత్త పూత పాతదానిలో కలిసిపోతుంది. అందుకే పాత బీరువాలకి నా ఓటు దీనికే. ఏటికొప్పాక లక్క బొమ్మలకి అయితే స్పిరిట్‌తో కూడా పనిలేదు: తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు లక్క అదిమితే, రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది.

అవిసె నూనె స్పిరిట్‌లా ఎగిరిపోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకోగలవు. విప్పి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి.

రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ (పాలీయురేథేన్) పూతలో అణువులు ఒకదానితో ఒకటి వలలా అల్లుకుంటాయి. ఇక స్పిరిట్‌కి లొంగదు. భోజనాల బల్లకి ఇదే మేలు. అయితే మరమ్మతు కష్టం: పాత పూత కరగదు కనక ఎమరీ పేపర్‌తో గరుకు చేస్తేనే కొత్తది పట్టుకుంటుంది. టేకులో సహజంగా ఉండే నూనె కూడా పూతలకి అడ్డే. ముందు థిన్నర్‌తో తుడిచి, ఆరగానే వేసెయ్యాలి.

పడమటి ఎండ తగిలే వీధి తలుపు సంగతి వేరు. పారదర్శకమైన పూతలోంచి అతినీలలోహిత కిరణాలు దూరి, నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్‌ని విరగ్గొడతాయి. పూత బాగానే ఉన్నా కింది చెక్క వదులై, పొరలు పొరలుగా లేస్తుంది. దాని మీదే ఇంకో కోటింగ్ కొట్టడం డబ్బు దండగ. గీకి, గట్టి చెక్క తేలేదాకా రుద్ది, కాస్త రంగు కలిసిన పూత వేస్తే ఎక్కువకాలం నిలుస్తుంది. ఆ రంగే ఎండని అడ్డుకుంటుంది.

కంటికి కనపడవని చాలామంది వదిలేసేవి తలుపు పై అంచూ కింది అంచూ. నిలువు చట్రం కోసిన చివరలు అక్కడే ఉంటాయి, గొట్టాల నోళ్లన్నీ అక్కడే తెరుచుకుంటాయి. వానాకాలం తేమ ముందుగా పీల్చుకునేదీ అక్కడే. బందులు బిగించాక కింది అంచుకి బ్రష్ అందదు. తలుపు ఇంకా నేల మీద ఉండగానే ఆ పని కానిచ్చెయ్యమని మేస్త్రీకి చెప్పండి.