అర్జున్‌కు అందని ఆ ఎనిమిది కుర్చీలు: క్యాండిడేట్స్ అర్హత నిబంధనల వెనక కథ

2024 డిసెంబర్‌లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చిన రేటింగ్ జాబితాలో మన వరంగల్ బిడ్డ ఇరిగేశి అర్జున్ పేరు పక్కన 2801 అని ఉంది. గంటల తరబడి సాగే క్లాసికల్ చెస్‌లో 2800 దాటిన భారతీయుల్లో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత అతనే. అదే ఏడాది బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు సాధించి, జట్టు స్వర్ణంతో పాటు వ్యక్తిగత స్వర్ణం కూడా పట్టుకొచ్చాడు. ఇంతటి ఆటగాడికి 2024 టొరంటో క్యాండిడేట్స్‌లో చోటు లేదు. 2026 క్యాండిడేట్స్‌కు అర్హత పొందిన ఎనిమిది మందిలోనూ అతని పేరు లేదు.

ప్రపంచ చాంపియన్‌తో టైటిల్ కోసం ఎవరు తలపడాలో తేల్చేది క్యాండిడేట్స్ టోర్నీయే. ఎనిమిది మంది ఆడతారు, గెలిచిన ఒక్కరికే ఆ అవకాశం. ఆ ఎనిమిది మందిలోకి రావడం ఎలా? హనుమకొండలో పిల్లలకు చెస్ నేర్పేవాళ్లు, ఆదివారాలు వాళ్లను టోర్నీలకు తిప్పే తల్లిదండ్రులు కలిసినప్పుడల్లా ఈ మాట వస్తుంది. "మనోడికి అన్యాయం జరిగింది" అని కొందరు, "రూల్ అందరికీ ఒక్కటే కదా" అని కొందరు. ఈ రెండు మాటల్లో ఏది ఎంత నిజమో తేలాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదట్లో అసలు నిబంధన అంటూ లేదు. 1886లో స్టైనిట్జ్, జుకర్టోర్ట్ ఆడిన మ్యాచ్ నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా, ఎవరితో ఆడాలో చాంపియనే నిర్ణయించుకునేవాడు. 1922లో కాపాబ్లాంకా హయాంలో వచ్చిన లండన్ నిబంధనల ప్రకారం, సవాలు చేసేవాడు 10,000 డాలర్ల ప్రైజ్ మనీ కూడగట్టాలి. ఆట ఎంత ఉన్నా వెనక డబ్బున్న మనిషి లేకపోతే బోర్డు ముందు కూర్చునే వీలే లేదు. 1927లో కాపాబ్లాంకాను ఓడించిన అలెఖైన్ అతనికి మళ్లీ ఎప్పుడూ అవకాశం ఇవ్వలేదు. 1946లో అలెఖైన్ చాంపియన్‌గానే చనిపోవడంతో టైటిల్ ఖాళీ అయింది, ఫిడే చేతికొచ్చింది. 1948లో ఐదుగురితో టోర్నీ పెట్టగా బోట్విన్నిక్ గెలిచాడు. ఆ తర్వాతే జోనల్ (ప్రాంతాల స్థాయి), ఇంటర్‌జోనల్ (వాటిలో నెగ్గినవాళ్లు ఆడేది), క్యాండిడేట్స్ అనే మెట్లు ఏర్పడ్డాయి. ఎక్కడ పుట్టినవాడైనా గెలుచుకుంటూ పైకి రావచ్చన్న భరోసా చెస్‌లో మొదటిసారి అప్పుడే వచ్చింది. అది చిన్న సంగతి కాదు.

అయితే ఆ మెట్లలోనూ లొసుగులు బయటపడ్డాయి. 1962లో కురసావ్ దీవిలో జరిగిన క్యాండిడేట్స్‌లో ఒక్కొక్కరితో నాలుగేసి ఆటలు ఆడాలి. సోవియట్ ఆటగాళ్లు పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ తమలో తాము ఆడిన 12 ఆటలనూ డ్రా చేసుకున్నారు. ఆ ఆటల్లో వాళ్లు శ్రమ మిగుల్చుకుంటుంటే, మిగతావాళ్లు ప్రతి రౌండూ పోరాడాల్సి వచ్చింది. పెట్రోసియన్ మొదటి స్థానంలో నిలిచాడు, అరపాయింటు తేడాతో మిగతా ఇద్దరు అతని వెనక నిలిచారు. నాలుగో స్థానంలో మిగిలిన బాబీ ఫిషర్, వీళ్లు ముందే కూడబలుక్కున్నారని బహిరంగంగా ఆరోపించాడు. ఫిడే అతని మాట పక్కన పెట్టలేదు. తర్వాతి సైకిల్ (టైటిల్ మ్యాచ్ దాకా సాగే అర్హత పోటీల వరుస) నుంచి క్యాండిడేట్స్‌ను ముఖాముఖి నాకౌట్ మ్యాచ్‌లుగా మార్చింది.

దేశానికి ఇంతమందే అన్న పరిమితి కూడా ఆ రోజుల్లోదే. దాని దెబ్బ తిన్నవాళ్లలో లియొనిద్ స్టైన్ ఒకడు. 1964 ఆమ్‌స్టర్‌డామ్ ఇంటర్‌జోనల్‌లో ఐదో స్థానంలో నిలిచినా, సోవియట్ కోటా నిండిపోయిందని అతన్ని ఆపేశారు. ఆరో స్థానంలో వచ్చిన బ్రాన్‌స్టీన్‌దీ అదే గతి. వాళ్లకంటే కింద నిలిచినవాళ్లు ముందుకు వెళ్లారు. ఆ నిబంధన ఏ తప్పూ చేయని మనిషిని శిక్షించింది. ఇప్పుడు ఆ కోటా లేదు కాబట్టే టొరంటోలో ఎనిమిది మందిలో ముగ్గురు భారతీయులు, గుకేశ్, ప్రజ్ఞానంద, విదిత్, కూర్చోగలిగారు. ఇప్పుడు ఒకే దేశంవాళ్లు టోర్నీ రెండు సగాల్లోనూ మొదటి రౌండ్లలోనే ఒకరితో ఒకరు ఆడేసుకోవాలి, చివర్లో ఒకరికొకరు సాయపడే వీలు ఉండకూడదు. నా దృష్టిలో ఇదే సరైన మందు.

నిబంధన పక్కకు జరిగితే మేలు జరిగిన సందర్భమూ ఉంది. 1969 అమెరికా చాంపియన్‌షిప్ ఆడని ఫిషర్‌కు 1970 పాల్మా ఇంటర్‌జోనల్‌లో చోటు లేదు. పాల్ బెంకో తన చోటు వదులుకుంటే ఫిషర్ వెళ్లాడు, అక్కడ గెలిచి, 1972లో రెక్యావిక్‌లో చాంపియన్ అయ్యాడు. అందుకు అందరూ సంతోషించారు గానీ, ఒక మనిషి మంచితనం మీద ఆధారపడిన దారిని పద్ధతి అనలేం.

1993లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్, అతని చాలెంజర్ షార్ట్ ఫిడే నుంచి బయటికి వెళ్లి వేరు కుంపటి పెట్టడంతో టైటిళ్లు రెండయ్యాయి. దాని ఫలితం మన గడప దగ్గరే కనబడింది. 1994లో ఫిడే క్యాండిడేట్స్ క్వార్టర్ ఫైనల్స్ హైదరాబాద్ శివార్లలోని సంఘీనగర్‌లో జరిగాయి. అక్కడ ఆనంద్ ఆధిక్యంలో ఉండి కూడా, చివరికి ర్యాపిడ్ టైబ్రేక్‌లో (సమమైనప్పుడు తక్కువ సమయంతో ఆడే ఆటల్లో) గటా కామ్‌స్కీ చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడాది మార్చిలో అదే కామ్‌స్కీని కాస్పరోవ్ వాళ్లు పెట్టిన రెండో సంస్థ క్యాండిడేట్స్ ఫైనల్‌లో ఓడించి, కాస్పరోవ్‌తో మ్యాచ్‌కు వెళ్లాడు. ఒక దారిలో తలుపు మూసుకుంది, ఇంకో దారిలో తెరుచుకుంది. ఏ దారిలో గెలిచినవాడు అసలు చాలెంజర్? దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు అప్పుడు లేరు.

ఆనంద్‌కు జరిగిన అసలు అన్యాయం ఆ తర్వాతది. 1997 డిసెంబర్‌లో గ్రోనింగెన్‌లో దాదాపు వంద మందితో నాకౌట్ పెట్టారు. మూడు వారాల పాటు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, ఫైనల్‌లో ఆడమ్స్‌ను టైబ్రేక్‌లో ఓడించి ఆనంద్ గెలిచాడు. అప్పటి ఫిడే చాంపియన్ కార్పోవ్ మాత్రం ఒక్క ఆట కూడా ఆడకుండా నేరుగా టైటిల్ మ్యాచ్‌లో కూర్చున్నాడు. ఆ మ్యాచ్ లౌసాన్‌లో జనవరి 2నే మొదలు. ఒకరు అలసిపోయి, ఒకరు విశ్రాంతిగా. ఆరు ఆటలు 3-3తో సమమయ్యాయి, ర్యాపిడ్‌లో కార్పోవ్ గెలిచాడు. ఈ వెసులుబాటు నచ్చకే క్రామ్నిక్ ఆ టోర్నీకి దూరంగా ఉన్నాడు. రూల్ అందరికీ ఒక్కటే అనేవాళ్లు ఈ మ్యాచ్ గుర్తు పెట్టుకోవాలి. కాగితం మీద అది నిబంధనే, కానీ ఒక మనిషిని చూసి రాసిన నిబంధన. ఆ తర్వాత షిరోవ్ సంగతి మరీ దారుణం. 1998లో క్రామ్నిక్‌ను ఓడించి కాస్పరోవ్‌తో ఆడే హక్కు సంపాదించాడు. డబ్బు కుదరలేదని ఆ మ్యాచే జరగలేదు. 2000లో కాస్పరోవ్‌తో ఆడింది, గెలిచింది షిరోవ్ చేతిలో ఓడిన క్రామ్నికే.

2006లో టైటిళ్లు మళ్లీ ఒక్కటయ్యాయి. 2013 నుంచి ఎనిమిది మంది, రెండేసి ఆటల పద్ధతి స్థిరపడింది. అప్పట్నుంచి గొడవంతా ఆ ఎనిమిది కుర్చీల పంపకం మీదే. నిర్వాహకులు తమకు నచ్చినవాళ్లకు ఇచ్చే వైల్డ్ కార్డు చాలాకాలం నడిచింది. 2020లో ఆ కార్డు రష్యాకు చెందిన అలెక్సీంకోకు పోతే, అతనికంటే ఎంతో ఎక్కువ రేటింగ్ ఉన్న వాషియే-లగ్రావ్ బయట మిగిలాడు. కోవిడ్ భయంతో రజబోవ్ తప్పుకుంటే తప్ప అతనికి చోటు దొరకలేదు. ఆ తర్వాత వైల్డ్ కార్డు తీసేశారు. మంచి పని.

ఆ తర్వాతి దారుల్లో రెండు ముఖ్యం. ఒకటి, ఏడాది పొడవునా టోర్నీల్లో పాయింట్లు కూడబెట్టే ఫిడే సర్క్యూట్. రెండోది, మిగతావాళ్లలో రేటింగ్ ఎక్కువ ఉన్నవాడికి ఇచ్చే రేటింగ్ సీటు. 2023 డిసెంబర్‌లో ఈ రెంటి అసలు స్వరూపం బయటపడింది. ఏడాది ముగుస్తుండగా చెన్నైలో హడావిడిగా ఒక టోర్నీ పెట్టారు. గుకేశ్, అర్జున్ ఇద్దరూ 4.5 పాయింట్లతో సమంగా నిలిచారు. టైబ్రేక్ లెక్కలో గుకేశ్‌కు మొదటి స్థానం, దాంతో సర్క్యూట్ ద్వారా టొరంటోకు దారి దొరికింది. ఫ్రాన్స్‌కు ఆడే ఫిరౌజా కోసం అక్కడ అప్పటికప్పుడు మ్యాచ్‌లు పెడితే ఫిడే వాటిని రేటింగ్‌కు లెక్కించలేదు. అతను రూవాన్ వెళ్లి ఓపెన్ టోర్నీలో ఏడుకు ఏడు గెలిచి రేటింగ్ సీటు పట్టుకున్నాడు. గుకేశ్ టొరంటోలో గెలిచి, 2024 డిసెంబర్ 12న 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అతని అర్హతను వేలెత్తి చూపడానికి లేదు. కానీ టోర్నీ పెట్టించుకోగల నగరం, స్పాన్సర్ దొరికే దేశం ఉన్నవాళ్లకే ఆ చివరి అవకాశం దొరికిందన్నదీ నిజమే.

టైబ్రేక్ అంటే మన దగ్గర పిల్లలకు కూడా తెలుసు. హనుమకొండ ఫంక్షన్ హాల్‌లో ఆదివారం రేటింగ్ టోర్నీ అయిపోయాక, గోడకు అంటించిన కాగితం చుట్టూ తల్లిదండ్రులు గుమిగూడతారు. "ఇద్దరికీ ఆరే కదా సార్, మరి మా బాబుకు కప్పు ఎందుకు రాలే?" అని ఒకాయన అడుగుతాడు. ప్రత్యర్థులు సాధించిన పాయింట్లు కూడి చూపిస్తూ ఆర్బిటర్ ఓపిగ్గా వివరిస్తాడు. పక్కన నిలబడ్డ పిల్లాడికి లెక్క అర్థమవుతుంది, కానీ మొహం మాత్రం తేటపడదు. పదేళ్ల పిల్లాడి కప్పు దగ్గర ఆ లెక్క సరిపోతుంది. ప్రపంచ టైటిల్‌కు దారి దగ్గర దానికి ఇంత బరువు ఉండకూడదు.

అర్జున్ విషయంలో జరిగింది చూడండి. ప్రపంచకప్ నాకౌట్ టోర్నీ, అందులో మొదటి ముగ్గురికి క్యాండిడేట్స్ సీటు. 2023 బాకు ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. ఎదుట ప్రజ్ఞానంద. సెమీస్ చేరిన కార్ల్‌సన్ క్యాండిడేట్స్ ఆడబోనని ముందే తేల్చేశాడు కాబట్టి, సెమీస్‌కు వెళ్లిన మిగతా ముగ్గురికీ టికెట్ ఖాయం. అంటే ఆ క్వార్టర్ ఫైనలే అసలు అర్హత మ్యాచ్. క్లాసికల్, ర్యాపిడ్, ఇంకా వేగమైన బ్లిట్జ్ అన్నీ సమమై, చివరికి గెలిచినవాడిదే మ్యాచ్ అనే ఒక్క సడన్ డెత్ ఆటలో ప్రజ్ఞానంద 5-4తో గెలిచాడు. 2025 గోవా ప్రపంచకప్‌లో అరోనియన్‌ను ఓడించి అర్జున్ మళ్లీ క్వార్టర్ ఫైనల్‌కు వచ్చాడు. వెయ్ యితో రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. ర్యాపిడ్‌లో ఓటమి. పెద్ద క్లోజ్డ్ (పిలిచినవాళ్లే ఆడే) టోర్నీలకు పిలుపులు అంతగా రాని రోజుల్లో ఓపెన్లలో ఒక్కో పాయింటు రిస్క్ చేస్తూ 2800 దాకా ఎక్కినవాడు అతను. అతని రెండు సైకిళ్ల కష్టం గడియారంలో నిమిషాలు, సెకన్లు మాత్రమే మిగిలిన ఆటల్లో తేలిపోయింది.

ఎవరో పగబట్టి చేసిన అన్యాయం కాదిది. నిబంధనలు ముందే రాసి ఉన్నాయి, అందరికీ తెలుసు. పైగా ప్రపంచకప్, గ్రాండ్ స్విస్ లాంటి అర్హత టోర్నీలు పిలుపుల మీద ఆధారపడనివి. మన ఊరి పిల్లలకు తలుపు తెరిచి ఉన్నది వాటిలోనే. అయినా నాకౌట్‌కు ఎనిమిదిలో మూడు సీట్లు ఇవ్వడం ఎక్కువే.

రేటింగ్ సీటును కూడా 2026 సైకిల్‌కు సరిచేశామన్నారు. ఒక్క జాబితా కాకుండా 2025 ఆగస్టు నుంచి 2026 జనవరి దాకా ఆరు నెలల సగటు తీశారు, కనీసం 40 ఆటలు ఆడాలన్నారు. ఆ 40 నింపడానికి అప్పటి ప్రపంచ రెండో ర్యాంకర్ నకముర, లూసియానా, అయోవా రాష్ట్రాల చిన్న టోర్నీలకు వెళ్లి, తనకంటే ఎన్నో వందల పాయింట్లు తక్కువ ఉన్నవాళ్లతో ఆడాడు. అప్పటి నియమం ప్రకారం ఇద్దరి రేటింగ్‌ల మధ్య 400కు మించి ఎంత తేడా ఉన్నా 400గానే లెక్క కాబట్టి, అలాంటి ఒక్కో గెలుపుకు 0.8 పాయింటు వచ్చేది. నకముర ఆటకు ఆ సీటు ఎలాగూ తగినదే. దానికోసం అతను అలా తిరగాల్సి రావడమే బాధ. 2650 పైన ఉన్నవాళ్లకు ఆ 400 నియమాన్ని ఫిడే అక్టోబర్‌లో ఎత్తేసింది, అదీ లెక్క నడుస్తుండగా, సగంలో. మార్పు మంచిదే. కానీ ఆగస్టు 1కి ముందే చేసి ఉండాల్సింది. వచ్చే సైకిల్‌కైనా మొదటి ఆట మొదలయ్యేలోపు నిబంధనలన్నీ ఖరారు కావాలి. ప్రపంచకప్ సీట్లు రెండుకు తగ్గించి, ఆ మూడోది రెండేళ్ల క్లాసికల్ ఫలితాలు చూసి ఇవ్వాలి.