ఇనుప బురద నుంచి తెల్లపొడి దాకా

మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం వదిలే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు వెల్లడించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. అదీ శుద్ధి అయ్యాక! బాక్టీరియాతో మురుగును తినిపించే ప్లాంటుకు బాక్టీరియాను చంపే మందునే పంపితే ఇంకేమవుతుంది? ఇలాంటి నీటికి రసాయనంతో విరగ్గొట్టే దారి వెతకాల్సి వచ్చింది.

ఆ దారి కొత్తదేమీ కాదు. 1876లో కేంబ్రిడ్జి విద్యార్థి హెన్రీ ఫెంటన్ టార్టారిక్ ఆమ్లానికి (చింతపండులో పులుపు ఇదే) కాస్త ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, ఆపైన క్షారం పోశాడు. చక్కటి ఊదారంగు వచ్చింది. 1894లో పూర్తి వివరాలు ప్రచురించాడు. మురుగునీటి ఊసే ఆయనకు లేదు. ఈ చర్యలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా చురుకైన అణుశకలం సంగతి 1934లో హేబర్, వైస్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. దొరికిన సేంద్రియ పదార్థాన్నల్లా కొరికేసే రకం అది. 1960లలో ఫినాల్ కలిసిన వ్యర్థ జలాలపై ఈ పద్ధతిని ప్రయోగించారు.

పనిచేసింది కానీ తలనొప్పులూ తెచ్చింది. నీటిని పీహెచ్ 3 దాకా ఆమ్లంగా మార్చాలి, పని కాగానే మళ్లీ సరిచేయాలి. అప్పుడు కరిగిన ఇనుమంతా తుప్పురంగు బురదగా అడుగున దిగుతుంది. దాన్ని ఎక్కడ పారబోయాలి? ఇనుమును జియోలైట్ అనే సన్న రంధ్రాల ఖనిజంలోనో బంకమట్టిలోనో బిగించి ఘన ఉత్ప్రేరకంగా వాడాలన్న ఆలోచన ఈ బురద టెన్షన్‌లోంచే వచ్చింది. అయితే బిగించిన ఇనుము కూడా కొంచెం కొంచెంగా నీళ్లలోకి జారుతుంది. పని చేసింది ఘనపదార్థమా, జారిన ఇనుమా అన్నది చాలా ప్రయోగాల్లో తేలని పంచాయితీ.

రెండో పాయ జపాన్‌లో మొదలైంది. 1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌పై కాంతి పడేసి నీటిని విడగొట్టారు. గోడల తెల్ల పెయింటులో ఉండే పదార్థమే ఇది. 1976లో, అంటే ఫెంటన్ ఊదారంగుకు సరిగ్గా నూరేళ్లకు, కెనడాలో అదే పొడితో పీసీబీలనే క్లోరిన్ కలిసిన విష రసాయనాల నుంచి క్లోరిన్‌ను ఊడగొట్టారు. మరుసటేడు ఫ్రాంక్, బార్డ్ సయనైడ్‌ను విరిచారు. ఇక్కడ బురద లేదు, పెరాక్సైడ్ ఖర్చూ లేదు. కాకపోతే ఈ పొడికి అతినీలలోహిత కిరణాలే కావాలి. ఎండలో అవి నాలుగైదు శాతానికి మించవు. పైగా సన్నని పొడిని నీటి నుంచి తిరిగి తీయడం వేరే పెద్ద పని.

అప్పటినుంచి వచ్చిన పరిశోధనా పత్రాలకు లెక్కలేదు. వాటిలో చాలావరకు శుభ్రమైన నీళ్లలో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలిపి, రంగు పోయిందని చూపించేవే. రంగు పోయినంత మాత్రాన అణువు పూర్తిగా విరిగినట్టు కాదు. ఫార్మా వ్యర్థ జలంలో క్లోరైడ్లు, కార్బోనేట్లు దండిగా ఉంటాయి. మందు దాకా చేరకముందే రాడికల్స్‌ను అవి మింగేస్తాయి.