తీగలో కనిపించని నిరోధం

రెండు అల్యూమినియం కడ్డీలను ఒకే వరుసలో, మధ్య కాస్త సందు వదిలి బిగిస్తే డైపోల్ యాంటెన్నా తయారు. ఆ సందుకు అటూ ఇటూ మల్టీమీటర్ పెట్టి చూడండి, ముల్లు కదలదు. కడ్డీలు ఒకదానికొకటి తగలడం లేదు కదా! అదే చోట ట్రాన్స్‌మిటర్ తగిలించి, రెండు కడ్డీల మొత్తం పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉండేలా చూస్తే, అక్కడ 73 ఓమ్‌ల రెసిస్టర్ ఉన్నట్టే కరెంట్ నడుస్తుంది. ఒక ఆంపియర్ పంపితే 73 వాట్లు పోతాయి. కడ్డీలను వేడెక్కించి కాదు, రేడియో తరంగాలుగా బయటికి. దీన్నే రేడియేషన్ రెసిస్టెన్స్, వికిరణ నిరోధం అంటారు.

తీగలో లేని ఈ నిరోధం ఎక్కడిది? కడ్డీలో ఎలక్ట్రాన్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి. ఒక చోట కరెంట్ మారితే ఆ కబురు కడ్డీలోని మరో చోటికి వెంటనే చేరదు, కాంతి వేగంతో వెళ్లాలి. అది చేరేసరికి అక్కడి కరెంట్ మారిపోయి ఉంటుంది. ఈ ఆలస్యం వల్లే విద్యుత్ క్షేత్రంలో కొంత భాగం కరెంట్‌కు ఎదురు నిలుస్తుంది. దాన్ని తోసుకుంటూ పోవడానికి ట్రాన్స్‌మిటర్ పెట్టే శక్తి మళ్లీ వెనక్కి రాదు. ఈ విషయంలో నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచేది ఈ చిన్న ఆలస్యమే. అది లేకపోతే క్షేత్రం తీసుకున్న శక్తినంతా మరు క్షణంలో తిరిగి ఇచ్చేసేది, రేడియో అనేదే ఉండేది కాదు.

యాంటెన్నా పొట్టిదైతే ఆలస్యమూ తగ్గుతుంది. పొట్టి డైపోల్ పొడవును సగం చేస్తే ఈ నిరోధం నాలుగో వంతుకు పడిపోతుంది. పొడవు తరంగదైర్ఘ్యంలో పదో వంతే ఉంటే మిగిలేది సుమారు 2 ఓమ్‌లు. యాంటెన్నాకు తగిలించే కాయిల్ (తీగచుట్ట), తీగలు కలిసి మరో 6 ఓమ్‌లు మింగుతాయనుకుందాం. అప్పుడు 100 వాట్లు పంపితే గాల్లోకి వెళ్లేది 25, మిగతాదంతా వేడే.

స్వీడన్‌లోని గ్రిమెటన్ రేడియో ప్రసార కేంద్రం 1924 నుంచి ఎదుర్కొన్న చిక్కు ఇదే. దాని ఫ్రీక్వెన్సీ 17.2 కిలోహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం 17 కిలోమీటర్లకు పైనే. 127 మీటర్ల టవర్లు కట్టినా అందులో ఒక శాతం కూడా కాలేదు. అందుకే ఆరు టవర్ల మీదుగా తీగలు లాగి, ఒక్క చోట కాకుండా చాలా చోట్ల కాయిల్స్ ద్వారా నేలకు కలిపారు. నిరోధం పెంచే దారి లేనప్పుడు నేలలో పోయే నష్టాన్ని తగ్గించారన్నమాట.

రిసీవర్‌కు మాత్రం ఈ బాధ అంతగా లేదు. 10 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న ఒంటి చుట్టు తీగ యాంటెన్నాకు 1 మెగాహెర్ట్జ్ దగ్గర వికిరణ నిరోధం ఓమ్‌లో దాదాపు 25 కోట్లవ వంతు. అయినా వినడానికి పనికొస్తుంది. 1 మెగాహెర్ట్జ్ ఉండే మీడియం వేవ్‌లో ఆకాశం నుంచి వచ్చే గోల (నాయిస్) ఎలాగూ ఎక్కువే కాబట్టి, పొట్టి యాంటెన్నా సిగ్నల్‌నూ గోలనూ కలిపే తగ్గిస్తుంది. తర్వాత యాంప్లిఫయర్ రెండింటినీ పెంచుకుంటుంది.