ఆర్గాన్ వెల్డింగ్‌లో ఆ నీలం ఎక్కడిది?

టిగ్ వెల్డింగ్ అంటే తెలియనివాళ్ళు కూడా ఆర్గాన్ వెల్డింగ్ అంటే గుర్తుపడతారు. టంగ్‌స్టన్ కడ్డీ మొన నుంచి ఆర్క్ (కరెంటు మంట) పుట్టించి, గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాసు కప్పుతూ లోహాన్ని అతికే పద్ధతి ఇది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ను అలా అతికాక అతుకు పక్కన బంగారు, ఊదా, నీలం చారలు మిగులుతాయి. నిజానికి అక్కడ రంగంటూ ఏదీ లేదు. కాలిన ఉక్కు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పల్చటి ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగు కలిసి, వానకు తడిసిన రోడ్డు మీద పెట్రోలు తెట్టులా రంగులు చూపిస్తుంది. పొర మందమయ్యేకొద్దీ రంగు మారుతుంది. గాలిలో కాలితే 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డిరంగు, 390 దగ్గర గోధుమ, 450కి ముదురు ఊదా, 540కి నీలం. మామూలు ఉక్కు, అంటే మైల్డ్ స్టీల్, మాత్రం 300 దగ్గరే నీలమెక్కుతుంది. ఒకదాని లెక్క మరొకదానికి పనికిరాదు.

నీలం కనిపించగానే చాలామంది ఆంపియర్లు తగ్గిస్తారు. తరచూ అదే తప్పవుతుంది. 10 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లతో టార్చ్‌ను (చేతిలో పట్టుకునే వెల్డింగ్ పిడిని) నిమిషానికి 100 మిల్లీమీటర్లు నడిపితే ఒక్కో మిల్లీమీటరుకు 300 జౌళ్ళ వేడి పడుతుంది. 40కి తగ్గిస్తే లోహం కరగడానికి టార్చ్ ఆగాలి. వేగం 60కి పడిపోయిందా, లెక్క 400 జౌళ్ళు! పైగా 304 రకం స్టెయిన్‌లెస్ మైల్డ్ స్టీల్‌తో పోలిస్తే మూడో వంతు వేగంతోనే వేడిని పక్కకు పంపుతుంది, దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. అందుకే రంగుతోపాటు రేకు వంపు కూడా తిరుగుతుంది. 1.5 మిల్లీమీటర్ల రేకుకు 45–50 ఆంపియర్లు పెట్టి, ఆర్క్‌ను 1.5 మిల్లీమీటర్లకు మించనీయకుండా చకచకా సాగాలి. కింద రాగి పట్టీ పెడితే మిగులు వేడిని అది లాగేస్తుంది.

వేడి ఒక్కటే కారణం కాదు, గ్యాసు చాలకపోయినా నీలం వస్తుంది. ఏది తప్పో అతుకునే చూసి పోల్చుకోవచ్చు. బీడ్ (కరిగి గట్టిపడ్డ అతుకు గీత) మెరుస్తూ, పక్క చారలు మాత్రం వెడల్పుగా ఉంటే వేడి ఎక్కువైనట్టు. బీడ్ బూడిదరంగులో మొరటుగా ఉంటే గ్యాసు అందలేదన్నమాట. అప్పుడు టార్చ్ కొసన గ్యాసు వదిలే 8వ నంబరు కప్పు (12.7 మిల్లీమీటర్లు) తీసి, గ్యాసు సాఫీగా పారేలా చేసే జాలీ అయిన గ్యాస్ లెన్స్‌తో 12వ నంబరు (19 మిల్లీమీటర్లు) వేసి చూడాలి. చిన్న కప్పులోనే గ్యాసు పెంచితే అది సుడి తిరిగి గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆర్క్ ఆగాక 8–10 సెకన్లు గ్యాసు వస్తూనే ఉండాలి, టార్చ్ కదపకూడదు. టంగ్‌స్టన్ మొన నీలంగా తేలితే ఆ సమయం చాల్లేదని అర్థం. పక్కన ఫ్యాను తిరుగుతుంటే ఇవేవీ పనిచేయవు.

అతుకు వెనకవైపు సంగతి వేరే. హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీల పైపుల్లో అసలు పట్టింపు లోపలి రంగుమీదే. అక్కడ ఆర్గాన్ లేకపోతే మాడిన పాకంలా నల్లటి గరుకు గడ్డలు కడతాయి, షుగరింగ్ అంటారు. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న మీటరు పైపులో దాదాపు 2 లీటర్లు పడుతుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున 2 నిమిషాలు వదిలితే పది సార్లు నిండినట్టు. ఆర్గాన్ గాలికన్నా బరువు కాబట్టి కింద నుంచి ఎక్కించి, పైన చిన్న రంధ్రం వదలాలి. రంధ్రం మూసుకుపోతే అతుకు చివరి అంగుళం దగ్గర ఒత్తిడికి కరిగిన లోహం బయటికి తన్నుకొస్తుంది.

రంగు వచ్చేశాక బ్రష్‌తో రుద్దితే నీలం పోతుంది గానీ, పొర కట్టడానికి క్రోమియం ఇచ్చేసి బలహీనపడ్డ లోహం అలాగే ఉంటుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇనుప బ్రష్ వాడితే మరీ త్వరగా! ఆ బలహీనపడ్డ లోహాన్ని తీసేది పిక్లింగ్ పేస్ట్ అనే ఆమ్లాల ముద్ద. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చర్మం దాటి ఎముకదాకా పోతుంది. రసాయనాలకు పనికొచ్చే గ్లవ్స్, ముఖానికి షీల్డ్, చేతికందే దూరంలో ఆ ఆమ్లం పడ్డచోట రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఆ డబ్బా మూత తీయకూడదు.